ఖాజా మియా చెక్కిన నాణేలు

మీరు అనుకునే పని కాదు

పురావస్తు శాఖలో ఉద్యోగం వచ్చిందని మిఠాయి డబ్బా పట్టుకొని మా ఇంటికి వచ్చే పిల్లలను చూస్తే నాకు సంతోషం కంటే ముందు దిగులు పుడుతుంది. మీరంతా తవ్వకాల ఫోటోలు చూసి ఈ పనిలోకి వస్తారు. బ్రష్షుతో మట్టి తుడుస్తుంటే కింద నుంచి విగ్రహం ముక్కు తేలడం, మర్నాడు పేపర్లో పేరు రావడం, అదీ మీ లెక్క. నేను నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనే ఉద్యోగమంతా చేసి దిగిపోయిన వాణ్ణి. అలాంటి రోజులు నాకూ వచ్చాయి, కాదనను. కానీ వాటిని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతా నౌకరీ అంతా ఆలస్యంగా చేరుకోవడమే.

తహశీల్దారు ఆఫీసు నుంచి ఫోనొస్తుంది. ఫలానా ఊళ్ళో కుండ దొరికిందట, రండి అంటారు. జీపు దొరకాలి, దానికి డీజిల్ దొరకాలి, పై అధికారి సంతకం దొరకాలి. మనం చేరేసరికి కుండ పగిలిపోయి ఉంటుంది, లోపలివి ఊరంతా సర్దుకొని ఉంటాయి. ఒకసారి దేవరకొండ అవతల గొర్లకాపరుల ఇంటికి అట్లాగే పోయాం. మేకలదొడ్డి కోసం గుంజ పాతుతుంటే బంగారు బిళ్ళలు దొరికాయని కబురు. ఆ ఇంటామె మల్లమ్మ వాకిట్లో నిలబడి, కొత్త ముక్కుపుల్ల మెరుస్తుండగా, "ఏం దొరికినయి? ఏం దొరకలే" అని ఒకటే మాట. మా సూపరింటెండెంటు గారు కొంచెం గట్టిగా అడిగేసరికి ఆమెకు మండింది.

"ఇగో, గిదేనా నీకు కావల్సింది? ముక్కుతోని సహా కోసుకపో సారూ, ఇడిసిపెట్టకు!"

ఊరంతా నవ్వింది. మా సూపరింటెండెంటు గారూ నవ్వాడు. నోరు మంచిది కాదు గానీ మనసు మంచి మనిషి. తిరిగి వచ్చేటప్పుడు జీపులో నాతో, "మనం వైద్యులం కాదయ్యా, శవపరీక్ష చేసేటోళ్ళం. ఎట్ల సచ్చిందో రాస్తం, అంతే" అన్నాడు. నేను అప్పుడు కుర్రవాణ్ణి, ఆ మాట నాకు నచ్చలేదు. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోను. కానీ ఈ ఉద్యోగంలో నాకు బతికున్నదిగా చేతికి దొరికిన ఒక్క వస్తువు సంగతి రాయడానికే ఈ కాగితాలు ముందేసుకున్నాను. అది కూడా దక్కలేదు.

బొమ్మలు లేని పుస్తకం

మా ఆఫీసు బీరువాలో పాత నాణేల మీద తెలుగులో రాసిన పుస్తకం ఒకటి ఉండేది. నిజాం రాజ్యం చివరి రోజుల్లో ఇక్కడి ఒక సంస్థానంలో కొలువు చేసిన పండితుడు రాసింది. బావి తవ్వుతుంటే దొరికిన కుండెడు నాణేలను దివాణం ఆయన చేతికిచ్చి, ఇవేమిటో రాయమంది. ఆయన ఒక్కొక్క నాణేన్ని చేతిలో పట్టుకొని, తూచి, కొలిచి, ఓపిగ్గా రాశాడు. ఒకవైపు సింహం, రెండోవైపు దీపపు సెమ్మెల మధ్య కుండ, అంచున అక్షరాలు, ఇట్లా. ప్రతి రెండు పేజీలకూ ఒకసారి బొమ్మల ఫలకం చూడమంటాడు. పుస్తకాన్ని ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా తిరగేసినా ఒక్క ఫలకం కనపడదు.

నాకు ఆ పండితుడి మీద గౌరవం ఎందుకంటే, కొన్ని నాణేల మీది అక్షరాలు ఆయన చదవలేకపోయాడు. చదవలేని వాటిని మనలాగా ఊహించి రాయలేదు. నాకు తెలియలేదు, ఉన్నవి ఉన్నట్టు బొమ్మలో చెక్కించాను, తర్వాతి వాళ్ళు చదువుకోండి అని వదిలేశాడు. సంస్థానాలు పోయిన గడబిడలో ఆ నాణేలు ఎటుపోయాయో ఎవరికీ తెలియదు. ఏ కంసాలి కుంపట్లో కరిగాయో. కాబట్టి ఆ అక్షరాలు లోకంలో ఎక్కడన్నా మిగిలి ఉంటే ఆ బొమ్మల్లోనే మిగలాలి. బొమ్మలు అసలు తయారే కాలేదని మా పెద్దలంతా తేల్చేశారు. పెద్దలు తేల్చారు కదా అని నేనూ నమ్మాను. మా శాఖలో నమ్మకాలు అట్లానే పుడతాయి, ఎవరూ వెతకరు.

బిందె మీద పేరు

తెలంగాణ వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం కల్వకుర్తిలో దిగాను. మేనకోడలి ఇంటి గృహప్రవేశానికి స్టీలు బిందె కొని, దాని మీద పేరు కొట్టించుకురమ్మని మా ఇంటావిడ హుకుం. గిన్నెల దుకాణం ముందు అరుగు మీద పేర్లు కొట్టే మనిషి కూర్చొని ఉన్నాడు. యాభై దాటిన వాడు, పేరు యూసుఫ్. ఈ రోజుల్లో అందరూ కరెంటు పెన్నుతో బర్రున గీకి ఇచ్చేస్తుంటే, ఇతను చిన్న సుత్తి, చిన్న ఉలితో టకటక కొడుతున్నాడు. మిషన్ ఎందుకు కొనలేదని అడిగాను.

"మిషన్ది గీకుడు సార్. మాది కొట్టుడు. కొట్టిన పేరు, మనిషి పోయినా పోదు. నలబై ఏండ్లు బూడిదేసి తోముండ్రి, ఇంకింత సాఫ్ కొడ్తది గానీ మాయం గాదు" అన్నాడు, కొంచెం గర్వంగానే.

కొట్టే ముందు ఉలి పదును చూడటానికి పక్కనున్న మందపాటి రాగి పలక మీద రెండు దెబ్బలు కొట్టుకుంటున్నాడు. పలక నిండా అట్లాంటి గాట్లే. ఏమీ తోచక దాన్ని చేతిలోకి తీసుకొని తిరగేశాను. అవతలి వైపు నల్లగా ఉంది. ఎండకేసి వంచి చూస్తే వరుసగా గుండ్రటి బిళ్ళలు, ఒక్కో బిళ్ళలో ఒక సింహం. వెంట్రుక కన్నా సన్నటి గీతలు, పక్కపక్కనే, వందలు. ఆ గీతలతోనే జూలు, వాటితోనే పొట్ట కింది నీడ, నాణెం అరిగిన చోట అరుగుదల కూడా. అంచున అక్షరాలు మాత్రం తలకిందులుగా కాదు, కుడి నుంచి ఎడమకు తిరగబడి ఉన్నాయి. కాగితం మీద అచ్చు వేసినప్పుడు సరిగా పడాలని చెక్కేవాళ్ళు అట్లా తిప్పి చెక్కుతారు. పండితుడు చూడమన్న ఫలకం ఇదే.

"ఇది ఎక్కడిది యూసుఫ్ భాయ్?"

"మా నానాది సార్, అమ్మీ వాళ్ళ నాయిన. ఖాజా మియా అంటరు. ఆయన ఉల్టా రాసేటోడు. ఎందుకు రాసేటోడో మాకెర్కలేదు. ఇంకా ఉన్నయి ఇంట్ల, కొల్లాపూర్ల."

"పద."

"యాడికి సార్?"

"కొల్లాపూర్‌కు. ఇప్పుడే."

"మరి బిందె? సగం పేరే అయింది."

"బిందె సంగతి తర్వాత చూద్దాం లేవయ్యా!" అని ఆయన చెయ్యి పట్టి లేపాను. గృహప్రవేశానికి ఆ బిందె సగం పేరుతోనే పోయింది, మా ఇంటావిడ ఇప్పటికీ దెప్పుతుంది.

షరీఫాబీ

కొల్లాపూర్‌లో యూసుఫ్ ఇల్లు రెండు గదులు. ఆయన తల్లి షరీఫాబీకి అప్పటికే ఎనభై దాటాయి. నడుం వంగింది గానీ చూపు బాగుంది, మాట ఖంగుమంటుంది. కోడలు రెహానా ట్రంకుపెట్టె కింద నుంచి పాత గొంగట్లో చుట్టిన మూట తీసింది. యూసుఫ్ దగ్గరున్నది కాక మరో ఎనిమిది పలకలు. గుమ్మం దగ్గర వెలుతురులో ఒక్కొక్కటే చూస్తూ కూర్చున్నాను. పుస్తకంలో పండితుడు చెప్పిన వరుసే. సింహాలు, కుండలు, ఏనుగులు, చదవలేకపోయిన అక్షరాలు, అన్నీ ఉన్నాయి. చెప్పడానికి సిగ్గెందుకు, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏమైంది బేటా, గంత మంచిగున్నయా?" అంది ఆమె.

"చాలా బాగున్నాయమ్మా. మీ నాయన చేతిలో ఏదో మహిమ ఉంది."

ఆమె నన్ను నమ్మనట్టు చూసింది. తర్వాత నెమ్మదిగా చెప్పుకొచ్చింది. దివాణం నుంచి ఒక పంతులు నాణేలు తెచ్చి చూపించేవాడట. ఖాజా మియా అద్దం పెట్టుకొని, అద్దంలో నాణేన్ని చూస్తూ పలక మీద చెక్కేవాడట. చెక్కుతుంటే లేచే రాగి పొట్టును నోటితో ఊదడం చిన్నపిల్లగా ఈమె పని. పలకలు తయారయ్యాయి. అచ్చు వేయించడానికి మద్రాసు తీసుకుపోతాం, మనిషి వస్తాడు, సిద్ధంగా ఉంచమని కబురొచ్చింది. ఈలోగా రాజ్యం పోయింది, పంతులు పోయాడు, మనిషి రాలేదు.

"ఇయ్యాల రాకుంటె రేపొస్తడు, రేపు రాకుంటె ఎల్లుండొస్తడు అంటనే పాణం ఇడిసిండు మా అబ్బా. గీ పనికే ఆయన కండ్లు పోయినయి. బస్తోళ్ళందరు నవ్విన్రు బేటా. ఖాజా మియాకు అచ్చరాలు సీదా రాయరాదు, దివాణపు రాగంతా ఖరాబు జేసిండు, అందుకే తీస్కపోలే అని. నాకు తెల్వదు. నేను సదువుకోలే. కాయితం మీద సీదా ఎట్లొస్తదో ఒక్కపారి నాకు సూపెట్టు. మా అబ్బాకు పనొచ్చో రాదో నాకు తెలిస్తె సాలు. పలకలు నువ్వే తీస్కపో, సర్కారే తీస్కపోని."

చూపిస్తానని మాట ఇచ్చాను. పలకలను ముట్టొద్దనీ, నూనె రాయొద్దనీ, తుడవొద్దనీ, ఎవరికీ ఇవ్వొద్దనీ ఒకటికి రెండుసార్లు చెప్పాను. చెప్పలేదని ఎవరూ అనకూడదు, కోడలూ కొడుకూ వింటుండగానే చెప్పాను. "నేనేం ముట్ట. నువ్వు జల్ది రా" అంది ఆమె.

ఫోటోలు తీయలేదా అని మీరడుగుతారు. తీశాను. నల్లబడిన రాగి మీద నల్లటి సన్నగీతలు, చీకటి గది, నా సెల్‌ఫోను. ఫోటోలో గుండ్రటి నల్ల బిళ్ళలు కనిపిస్తాయి, సింహం ఉందని చెబితే ఉందనిపిస్తుంది. సరైన దీపాలతో మా ఫోటోగ్రాఫరు వచ్చి తీస్తాడని అనుకున్నాను, అతనికి టూరు అనుమతి ఏనాడూ రాలేదు.

ఏ జిల్లా వస్తువు

అక్కడి నుంచి జరిగింది మీకు బాగా పనికొస్తుంది, వినండి. నేను నివేదిక రాసి పంపిన వారానికి మా డైరెక్టరు గారు ఫోన్ చేసి మెచ్చుకున్నారు. ఈయన మొదట చెప్పిన సూపరింటెండెంటు లాంటి మనిషి కాదు. మాట మెత్తన, మర్యాద ఎక్కువ, పని సున్న. "ఇంత గొప్ప వస్తువును ఊరికే జీపులో వేసుకొస్తే ఎట్లా? కార్యక్రమం పెట్టి, కుటుంబానికి శాలువా కప్పి స్వీకరిద్దాం" అన్నారు. కార్యక్రమానికి పెద్దవాళ్ళ తీరిక కావాలి. ఆ తీరిక దొరికేలోపు ఎన్నికల నియమావళి వచ్చింది. అది పోయేలోపు కొత్త జిల్లాలు వచ్చాయి. కొల్లాపూర్ మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూలుకు పోయింది. దీంతో ఈ పలకలు ఏ జిల్లా లెక్కలోకి వస్తాయనే ప్రశ్న పుట్టింది. పాత జిల్లాలో కనుక్కున్నారు కాబట్టి పాత జిల్లావి అని ఒకరు, ఇప్పుడు ఉన్న చోటును బట్టి కొత్త జిల్లావి అని మరొకరు. తాడెక్కడుందో బొంగరమెక్కడుందో తెలియని కొత్త కార్యాలయం, కుర్చీలే లేవు.

రెండేళ్ళు గడిచాయి. నేను దారిలో పోయినప్పుడల్లా కొల్లాపూర్‌లో దిగేవాణ్ణి. నన్ను చూడగానే షరీఫాబీ గొంగడి మూట విప్పి చూపించి, "సూడు, శెయ్యి పెట్టలే, ఏలు పెట్టలే" అని మళ్ళీ కట్టేసేది. ఒకసారి డైరెక్టరు గారితో, నేనే వెళ్ళి రసీదు రాసిచ్చి తెచ్చేస్తాను సార్ అన్నాను. "తొందరెందుకండీ, డెబ్బై ఏళ్ళు ఉన్నాయి, ఇంకొన్ని నెలలు ఉండలేవా?" అన్నారు. నేను మా కింది వాళ్ళందరికీ ఈ మాట చెబుతుంటాను. ఒక వస్తువు ఇన్నాళ్ళు నిలిచింది కాబట్టి ఇంకా నిలుస్తుందని అనుకోకండి. ఎవరికీ పట్టనంత కాలమే దానికి భద్రం. మనం వెళ్ళి ఇది గొప్పదమ్మా అని చెప్పిన క్షణం నుంచి దానికి ప్రమాదం మొదలవుతుంది.

కార్యక్రమం

చివరికి ముహూర్తం కుదిరింది. కొల్లాపూర్ స్కూలు ఆవరణలో షామియానా, మైకు, పూలకుండీలు. డైరెక్టరు గారి కారులో నేనూ వెళ్ళాను. వేదిక మీద ఎర్రటి మఖ్‌మల్ గుడ్డ పరిచి, దాని మీద తొమ్మిది పలకలూ వరుసగా పెట్టి ఉన్నాయి. దూరం నుంచే కళ్ళు జిగేల్‌మన్నాయి. పెళ్ళిలో పెట్టే కొత్త రాగి చెంబులు ఎట్లా ఉంటాయో అట్లా ఉన్నాయి.

దగ్గరికి పోయి వంగి చూశాను. బిళ్ళల చుట్టూ గీత ఉంది. సింహం వీపు గీత ఉంది, కాలు ఒకటి ఉంది. జూలు లేదు, నీడ లేదు. అక్షరాల చోట అద్దంలా నా మొహమే కనపడింది. మొదటి పలక చూశాను, రెండోది చూశాను. నాలుగోది తీసి ఎండకు ఎటు వంచినా అంతే. "అయ్యో, అయ్యో" అని నాలో నేనే అనుకుంటున్నాననుకున్నాను, పైకే అన్నానట.

షరీఫాబీ కొత్త బట్టల్లో కుర్చీలో కూర్చొని ఉంది. ఆమె మొహం కూడా అట్లాగే మెరుస్తోంది. నన్ను చూసి చెయ్యి పట్టుకుంది.

"ఎట్లున్నయి బేటా? మూడు దినాలు అత్తాకోడండ్లం చింతపండేసి, ఇటుకపొడేసి తోమినం. సేతులు పగిలినయి అనుకో. నువ్వు ముట్టొద్దంటివి, రెండేండ్లు ముట్టలే. ఇయ్యాల ఇచ్చేస్తున్నం గదా. బిడ్డను అత్తగారింటికి తోలేటప్పుడు మొకం కడగకుంట తోలుతమా? నల్ల మొకంతోని పంపితె మా ఇంటి ఇజ్జత్ ఏం గావాలె?"

యూసుఫ్ పక్క నుంచి అందుకున్నాడు. "గీతలల్ల నల్లగ మురికి ఇరుక్కున్నది సార్, తోమితె పోలే. అందుకే కల్వకుర్తి తీస్కపోయి పాలిష్ మిషన్‌కు పట్టించిన. మా పని తోమితె పోదు గదా."

ఆ నలుపే బొమ్మ. గీతల్లో నిలిచిన ఆ నలుపుతో పాటు గీతలూ పోయాయి. యూసుఫ్ స్టీలు మీద దెబ్బ కొట్టి లోతుగా దింపుతాడు, వాళ్ళ తాత రాగి మీద సూదిమొన లాంటి ఉలితో పైపైన తేల్చాడు. జీవితమంతా గిన్నెలు చూసిన ఇల్లు అది. తోమితే పేరు పోదని అరుగు మీద కూర్చొని నాకు చెప్పిన మాట వాళ్ళకు అబద్ధం కాదు. సామాను ఒకరికి ఇచ్చేటప్పుడు తోమి ఇవ్వడం వాళ్ళకు మర్యాద. వాళ్ళను ఏమని తిట్టను?

డైరెక్టరు గారు మాత్రం చాలా సంతోషించారు. "ఎంత శుభ్రంగా ఉంచారమ్మా!" అని మైకులో మెచ్చుకున్నారు. శాలువా కప్పారు, చప్పట్లు మోగాయి. నేను వేదిక వెనక్కి పోయి పూలకుండీల పక్కన కాసేపు ఊరికే నిలబడ్డాను.

కాగితం మీద

అయినా ఆశ చావదు కదా. పలకలను పట్నంలో చిత్రకళ నేర్పే ఒక మాస్టారు దగ్గరికి తీసుకుపోయి అచ్చు వేయమన్నాను. కంటికి కనపడని గీతల్లో కూడా సిరా కొంచెం పట్టొచ్చు అన్నాడు ఆయన. మూడు రకాల కాగితాల మీద ప్రయత్నించాడు. తొమ్మిది కాగితాల మీదా పలచటి సున్నాలు పడ్డాయి. సింహాలు కుక్కల్లా ఉన్నాయి, చిన్నపిల్లలు పలక మీద గీసినట్టు. అక్షరాల చోట తెల్లగా ఉంది.

చూపిస్తానని మాట ఇచ్చాను. ఎగ్గొట్టడానికి మనసు రాలేదు, కొల్లాపూర్ పోయాను. షరీఫాబీ మంచం మీద కూర్చొని, కాగితాలు ఒళ్ళో పెట్టుకొని, ఒక్కొక్కటే చూసింది. గుమ్మంలో రెహానా నిలబడి ఉంది.

"గింతేనా?" అంది షరీఫాబీ.

నేను చివరి కాగితాన్ని వెలుతురుకు తిప్పి పట్టాను.

"గింతేనా బేటా మా అబ్బా పని? గీ సున్నాలకా ఆయన కండ్లు పోగొట్టుకున్నది? అయితె బస్తోళ్ళు నవ్వింది నిజమే. నిజంగనే ఆయనకు రాదు." కాగితాలు పక్కన పెట్టేసింది. ఏడవలేదు. ఏడిస్తే నాకు బాగుండేది.

అప్పుడు నా ముందు రెండే దారులు. మీ తోముడుతోనే పోయిందని చెబితే ఈ వయసులో ఈమె తన చేతులనే తిట్టుకుంటుంది. చెప్పకపోతే తండ్రిని చేతగానివాడని అనుకుంటూ పోతుంది. అచ్చు సరిగా పడలేదు, మళ్ళీ వేయిస్తా అనే అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. గుమ్మం వైపు చూశాను. రెహానా నన్నే చూస్తోంది. ఆమెకు అప్పటికే అర్థమైంది, కొంగు నోట్లో కుక్కుకొని నిలబడింది.

"కాదమ్మా" అన్నాను. "మీ నాయన పని ఇది కాదు. నేను మొదటిసారి చూసినప్పుడు వెంట్రుక కన్నా సన్నటి గీతలుండె. సింహం జూలు, ఒక్కో వెంట్రుక. అట్లాంటి పని ఈ నౌకరీలో నేను ఎక్కడా చూడలేదు. తోమితే పోయినయి. మిషన్‌కు పట్టిస్తే మొత్తానికే పోయినయి."

రెహానా బావురుమంది. షరీఫాబీ కోడలిని చేత్తో ఆపింది. నా మొహంలోకి చూస్తూ అడిగింది.

"నువ్వు నీ కండ్లతోని సూసినవా?"

"చూసిన."

"ఖసమ్?"

"మా అమ్మ మీద ఒట్టు."

ఆమె తన రెండు చేతులూ ఎత్తి ముందుకు పట్టుకొని చూసుకుంది. "అయితె తప్పు నాది" అంది. "తోమమన్నది నేను, మిషన్‌కు తీస్కపొమ్మన్నది నేను. అబ్బాది గాదు. మంచిగైంది పో. నాదైతె నేను మోస్త. సచ్చినోని మీద నిందెందుకు?" చేతులు ఒళ్ళో పెట్టుకొని, "నువ్వు సర్కారోనివి గదా బేటా. పలకల కాడ రాసి పెట్టు. ఖాజా మియా పని పూరా చేసిండు, ఆయన బిడ్డ షరీఫా తోమిచ్చి చెరిపింది అని. నా పేరు పెట్టు, శరమేం లేదు. సూసినోళ్ళు నన్ను తిట్టని, ఆయనను నవ్వొద్దు" అంది.

తర్వాత ఆమె ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

చీటీ

కరోనా రెండో ఏడు షరీఫాబీ పోయింది. అప్పటికి నేను రిటైరయ్యాను. ఆ తర్వాత పలకలను మ్యూజియంలో అద్దాల పెట్టెలో పెట్టారు. ఒక రోజు యూసుఫ్ ఫోన్ చేశాడు.

"సార్, ఇక్కడికి పిల్లలను తీస్కొచ్చిన, నానా పని సూపెడ్దమని. కింద చీటీ మీద అధూరా అని రాసిన్రు సార్."

వెళ్ళి చూశాను. రాగి ఫలకములు, సంస్థాన కాలము, చెక్కిన వారు తెలియదు, పని అసంపూర్ణము. అంతే. ఖాజా మియా పేరు నా నివేదికలో ఉంది, ఎవరూ తెరవలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. కొత్త డైరెక్టరు గారిని కలిశాను. ఈయన నాకన్నా చాలా చిన్నవాడు, కుర్చీ వేసి టీ ఇచ్చాడు.

"మీరు చెప్పింది నిజమే కావొచ్చు సార్. కానీ దెబ్బతిన్నది అని రాస్తే, ఎప్పుడు, ఎవరి చేతిలో అని ఆడిట్‌లో అడుగుతారు. రెండేళ్ళు ఎందుకు తీసుకోలేదని అడుగుతారు. అసంపూర్ణం అంటే ఎవరి మీదా రాదు."

"ఖాజా మియా మీద వస్తుంది" అన్నాను.

"ఆయన ఇప్పుడు లేడు కదా సార్" అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టుగానే.

నాలుగు అర్జీలు పెట్టాను. జవాబులు మర్యాదగా వచ్చాయి. దున్నపోతు మీద వాన. బడి పిల్లలు వరుసగా వచ్చి ఆ పెట్టె ముందు ఆగి, చీటీ చదువుకొని, ముందుకు పోతుంటారని అక్కడి అటెండరు చెప్పాడు. యూసుఫ్ మళ్ళీ రాలేదు. కల్వకుర్తి అరుగు మీద ఇప్పుడు అతను లేడు. ఆ పని మానేశాడని దుకాణం వాళ్ళు చెప్పారు.

ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలకు సలహాలు చెప్పమంటే చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. వస్తువు దొరికిన రోజే తెచ్చేయండి. కార్యక్రమాల కోసం ఆగకండి. తర్వాత వెళ్ళి ఆ పెట్టె ముందు నిలబడండి. అక్కడ రాసిపెట్టే అధికారం నాకు లేదు కాబట్టి, రాయమన్న మనిషి మాట ఇక్కడ రాస్తున్నాను. ఆ తొమ్మిది పలకలను చెక్కింది కొల్లాపూర్ ఖాజా మియా. పని పూర్తిగా చేశాడు, నా కళ్ళతో చూశాను. ఆయన బిడ్డ షరీఫా తోమించి చెరిపింది.